తోలు కప్పుకున్న దూడనౌక

చుక్కల కడలిలో పగలూ లేదు, రాత్రీ లేదు. ఒకవైపు పచ్చల రాశుల్లా పచ్చని తారలు, మరొకవైపు కెంపుల గుట్టల్లా ఎర్రని తారలు, నడుమ తెల్లని మబ్బుపాయలు, ఆ పాయలను చీల్చుకుంటూ జరీ అంచు విసిరిపోయే తోకచుక్కలు. ఇంతటి వైభవం కళ్లెదుట ఉంటే ఇంకొకడైతే చేతులు జోడించి స్తోత్రం చదివేవాడు. మన గంగులు మాత్రం నోట్లో దబ్బనం పట్టుకుని తన నౌకకు చచ్చిన దూడ తోలు కుడుతున్నాడు.

నౌకకు దూడ తోలేమిటని తొందరపడకండి, చెబుతాను. ఆ కడలిలో తిరిగే పెద్ద నౌకలను ధేనునౌకలంటారు. ఒక్కొక్కటి ఒక పట్టణమంత ఉంటుంది. సగం లోహం, సగం ప్రాణం. వాటి కడుపున పుట్టి, వాటి వెంటే తిరుగుతూ, తల్లి దూరలేని సందుల్లో దూరి, దిగలేని చోట దిగి, మనుషులనూ సరుకునూ చేరవేసే చిన్న నౌకలే దూడనౌకలు. ఎక్కడ తిరిగినా పాలగంట మోగే వేళకు దూడనౌక తల్లి పొదుగు దగ్గరకు చేరాలి. ఆ వెలుగుపాలు తాగితే గాని దానికి నడక లేదు. దాన్ని తోలేవాడు దూడకాపరి. మణిచ్ఛత్ర రాజ్యపు దూడనౌకలన్నిటిలోకీ చిన్నది బుల్లెమ్మ. దాని కాపరి ముప్పై అయిదేళ్ల గంగులు. మనిషి బక్కపలచన, నోరు దొడ్డది. ఇక చుక్కల కడలిలో గాలి ఉంటుందా, మాట వినిపిస్తుందా అని అడిగేవాళ్లు పుస్తకం ఇక్కడే మూసేసి వెళ్లి పడుకోవచ్చు.

ఇంతకూ ముంచుకొచ్చిన ఆపద ఏమిటంటే, యువరాజు మణికేతుణ్ణి ఘటజంఘుడనే మాంత్రికుడు ఇత్తడి చెంబుగా మార్చి, కాలధేనువనే తన నల్లనౌకలో దాచుకున్నాడు. దాచుకుంటే దాచుకున్నాడు, రోజూ ఆ చెంబుతోనే మజ్జిగ తాగుతున్నాడు! శాపం తీరే దారి అడగబోయిన మంత్రులను చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏ ధేనువైనా తనది కాని దూడకు, తనది కాదని తెలిసి, మనసారా పాలివ్వాలి. ఆ పాల చుక్క పడితే మీ కుర్రవాడు మనిషవుతాడు. మూడో పాలగంట ముగిసేలోగా జరగాలి సుమా! ఆ తర్వాత చెంబు చెంబే."

పరాయి దూడ దగ్గరకొస్తే ధేనునౌక కాలితో ఒక్క తాపు తంతుంది. సృష్టి మొదలైన దగ్గర్నుంచి అంతే. అందుకని మంత్రులు తిరిగొచ్చి, చెంబుకు పట్టాభిషేకం చేయవచ్చునా, చేస్తే కిరీటం మూతిమీద పెట్టాలా బోర్లించి అడుగున పెట్టాలా అని శాస్త్రాలు తిరగేస్తున్నారు. రెండు పాలగంటలు గడిచిపోయాయి. మూడోది కాసేపట్లో మోగుతుంది.

ఆశ వదులుకోనివాళ్లు ఇద్దరే. ఒకడు గంగులు. రెండోది యువరాజును పొత్తిళ్ల నుంచి పెంచిన దాది పేరిందేవి. డెబ్బై ఏళ్ల మనిషి. ప్రస్తుతం బుల్లెమ్మ ముక్కు దగ్గర తోలు సాగదీసి పట్టుకుని, గంగులును తిడుతోంది.

"ఒరేయ్, ఆ కుట్లేమిట్రా? నౌకకు కుడుతున్నావా, గోనెసంచికి కుడుతున్నావా?"

"గట్టిగా పట్టుకోవే అవ్వా! దీనికి చక్కిలిగింతలు, నిలబడి చావట్లేదు."

ఆ తోలు కాలధేనువు దూడదే. పోయిన ఏడు ఘటజంఘుడు మణిచ్ఛత్ర కోటను గుద్దించాలని ఆ పసిదాన్ని కాపరి లేకుండా రాళ్లపాయలోకి తోలాడు. పాపం, అది కోట దాకా రాకుండానే రాళ్లకు తగిలి చచ్చిపోయింది. ఆనాటి నుంచీ కాలధేనువు తనంతట తాను పాలు చేపలేదు, పొదుగులోకి దింపలేదు. మాంత్రికుడు ఇనుపబొంగులు గుచ్చి పిండుకోవడమే. రాళ్లపాయలో వేలాడుతున్న ఆ తోలును గంగులు ఎందుకో విప్పి తెచ్చి దాచాడు. ఎందుకు దాచావంటే అప్పుడు వాడికే తెలియదు.

"తోలు కప్పితే నమ్ముతుందంటావా?" అంది పేరిందేవి.

"మా మామ ఇంట్లో ఆవుకు దూడ పోతే ఇంతేనే. ఆ తోలు ఇంకో దూడ మీద కప్పి ముందు నిలబెట్టేవాడు. ఆవు వాసన చూసేది, నాకేది, చేపేది."

"అది ఆవు. ఇది ఊరంత ఉందిరా."

"ఊరంత ఉన్నా తల్లే కదవ్వా!"

పేరిందేవి తోలు ఇంకాస్త బిగించి పట్టుకుంది.

ఠంగ్... ఠంగ్... ఠంగ్! మూడో పాలగంట మోగింది.

మబ్బుపాయ దాటగానే కాలధేనువు కనిపించింది. అబ్బా, ఏమి నౌక అది! కాటుకకొండ కదిలొచ్చినట్లుంది. రెండు కొమ్ములు రెండు గాలిగోపురాలంత. మెడలో వేయి ఘంటల హారం, నుదుట నీలమణి దీపం, ఒంటినిండా పదివేల గవాక్షాలు. అయితే ఆ గవాక్షాల్లో ఒక్కదానిలోనూ దీపం లేదు. పాలు చేపని నౌకలో వెలుగెక్కడి నుంచి వస్తుంది? కావలివాళ్లు కంబళ్లు కప్పుకుని చీకట్లో వణుకుతున్నారు.

"ఎవర్రా అది? ఆగండి! బాణం వేస్తా!" అని అరిచాడు పొదుగువాకిలి దగ్గరి కావలి నాయకుడు మీసాల భీమప్ప.

"పాలగంట మోగినాక దూడకు అడ్డం పడతావా, నాయకా? పాపం తగలదూ?" అన్నాడు గంగులు లోపలి నుంచి.

భీమప్ప విల్లు దించేశాడు. పాలవేళ దూడను ఆపకూడదన్న కట్టుబాటు చుక్కల కడలి అంతటా ఉంది. దొంగలు సైతం పాటిస్తారు. అతను దివిటీ ఎత్తి తేరిపార చూశాడు. నల్లటి ఒళ్లు, నుదుట తెల్లటి బొట్టు. దివిటీ కింద పడింది.

"అయ్యబాబోయ్! మన దూడ! చచ్చిపోయిందనుకున్న మన దూడేరా!"

"రాళ్లపాయలో దిక్కులేక తిరుగుతుంటే తోలుకొచ్చాం నాయకా. నేను కుండలమ్ముకునేవాణ్ణి. ఈవిడ మా అవ్వ. చెవుడు."

"చెవుడు నీకురా," అని గొణిగింది పేరిందేవి.

అంతలో కాలధేనువు తల తిప్పింది. తిప్పడానికే ఒక గడియ పట్టింది. నుదుటి నీలమణి వెలిగి, ఆ వెలుగు బుల్లెమ్మ తోక మీద పడి, వెన్ను మీదుగా మెల్లగా ముందుకు పాకింది. వాసన చూస్తోందన్నమాట. ముక్కు దగ్గరికి వచ్చేసరికి కొంప మునిగింది. అక్కడ కుట్టు విడిపోయి, జానెడు మేర బుల్లెమ్మ ఎర్ర ఒళ్లు బయటపడి ఉంది! గంగులు కిటికీలోంచి నడుము దాకా బయటకు వాలి, తలపాగా తీసి ఆ జానెడు మీద కప్పి, రెండు చేతులతో అదిమి పట్టాడు. నీలివెలుగు వాడి బోడితల మీద ఆగింది. ఆగి చాలాసేపు ఉంది. గంగులు జన్మలో ఎప్పుడూ అంత బుద్ధిగా కదలకుండా ఉండలేదు.

"అంబా..." అంది కాలధేనువు.

ఆ అరుపుకు రాళ్లపాయ రాళ్లు దొర్లిపోయాయి. పొదుగులోంచి తెల్లని వెలుగుపాలు ధారలు కట్టాయి. ఒక్కొక్క గవాక్షమే వెలుగుతూ, పదివేలూ వెలిగి, ఏడాదిగా శ్మశానంలా ఉన్న నౌక పెళ్లిపందిరైపోయింది. కావలివాళ్లు కంబళ్లు గాలిలోకి విసిరి గంతులేశారు. బుల్లెమ్మ సిగ్గూ శరమూ లేకుండా పొదుగు పట్టేసుకుని చప్పరించడం మొదలుపెట్టింది. భీమప్ప మీసాలు కన్నీళ్లతో తడిసి కిందికి జారాయి.

"తప్పిపోయిన దూడను తోలుకొచ్చినవాళ్లను విస్తరి వేయకుండా పంపకూడదు. లెండి పెద్దమ్మా, వంటశాలకు పోదాం," అన్నాడు.

సరిగ్గా ఆ మాట కోసమే గంగులు ఇంత దూరం వచ్చింది. విడిన కుట్టు గబగబా బిగించి తలపాగా భుజాన వేసుకున్నాడు.

వంటశాలలో విస్తళ్లు పడ్డాయి. గంగులు వచ్చిన పని మరిచిపోయినట్లు కందిపప్పు కలుపుకుని ముద్దలు మింగుతున్నాడు. పేరిందేవి మోచేత్తో పొడిచి గోడవైపు చూపించింది. గోడపొడవునా అరలు. అరలనిండా ఇత్తడి చెంబులు. మూడు వందలున్నాయి, అన్నీ ఒక్కలాంటివే. మాంత్రికుడు తెలివైనవాడు, చెంబును దాచడానికి చెంబుల మధ్యే పెట్టాడు.

"నెయ్యేది నాయనా? చలిదేశం నుంచి వచ్చిన ముసలిదాన్ని, నెయ్యి లేనిదే గొంతు దిగదు," అంది పేరిందేవి.

భీమప్ప నెయ్యి తేవడానికి కొట్టుగదికి పరుగెత్తాడు. గంగులు ఎంగిలి చేత్తోనే లేచి, బొంగురుగొంతు సవరించుకున్నాడు.

"జయజయ! త్రితారామండలాధీశ్వరా! ధూమకేతు గర్వభంజనా! సమరాంగణ శార్దూలా! ఎక్కడున్నా ఒక్కసారి కదలవయ్యా!"

ఒక్క చెంబూ కదలలేదు.

"పొగిడితే వాడెందుకు కదుల్తాడ్రా? పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నవే కదా," అని పేరిందేవి నడుం మీద చేతులు వేసుకుని అరల ముందు నిలబడింది. "అవునర్రా చెంబుల్లారా, మీకో సంగతి చెప్పనా? ఈ సమరాంగణ శార్దూలం లేడూ, పదహారేళ్లొచ్చాక కూడా బల్లిని చూసి మంచమెక్కి, అవ్వా అవ్వా అని ఒకటే ఏడుపు. నేనొచ్చి చీపురుతో తోలితే గాని దిగలేదు. అది తోక తెగిన బల్లి కూడాను!"

పై అరలో ఒక చెంబు గలగలమంది. దాని మెడ కాలినట్లు ఎర్రబడింది. ముందుకు జరిగి, జరిగి, అర మీద నుంచి దూకి నేరుగా గంగులు నెత్తిన పడింది.

"మనవాడే!" అన్నాడు గంగులు బొప్పి తడుముకుంటూ.

పేరిందేవి చెంబును చెంగులో చుట్టి గుండెలకు హత్తుకుంది. భీమప్ప నేతిగిన్నెతో తిరిగొచ్చేసరికి రెండు విస్తళ్లు మాత్రం ఉన్నాయి. ఒకటి శుభ్రంగా ఖాళీ. గంగులుది.

పొదుగువాకిలి దగ్గర బుల్లెమ్మ ఇంకా తాగుతోంది. దాని మూతి పక్కనుంచి పాలు కారుతున్నాయి. పేరిందేవి ఎక్కీ ఎక్కగానే కిటికీలోంచి చెయ్యి చాపి, ఒక చుక్క వేలికి అద్దుకుని చెంబు మీద పెట్టింది. ఏమీ జరగలేదు. ఇంకో చుక్క. దోసెడు. చెంబును పాలలో ముంచి తీసింది. తళతళలాడింది గాని చెంబు చెంబుగానే ఉంది.

"ఏమైందిరా గంగులూ? పాలిచ్చింది కదరా!"

గంగులు ముఖంలో నవ్వు ఆరిపోయింది. "ఇచ్చింది గాని, పరాయి దూడకు ఇవ్వలేదే అవ్వా. తన దూడ తిరిగొచ్చిందనుకుని ఇచ్చింది. దాన్ని మోసం చేయడమే చూసుకున్నాను గాని, ఆ మాంత్రికుడి షరతు సరిగ్గా చూసుకోలేదు. బుద్ధి గడ్డి తింది."

పేరిందేవికి దుఃఖం ఆగలేదు. చెంబును ఒడిలో పెట్టుకుని, తడి మూతిని కొంగుతో తుడుస్తూ ఏడ్చింది. "నా తండ్రీ, నీకు నలుగు పెట్టిన చేతులు కదరా ఇవి. నేను పోయాక నిన్ను చింతపండు పెట్టి తోమేదెవర్రా?"

అప్పుడే పై అంతస్తు నుంచి కేక వినిపించింది.

"మజ్జిగ! నా మజ్జిగ చెంబేదీ? ఈ దీపాలెవడు వెలిగించాడు?"

కడవల్లాంటి తొడలతో మెట్లు దద్దరిల్లేలా దిగుతూ వచ్చాడు ఘటజంఘుడు. చేతిలో పాము తలల మంత్రదండం. పొదుగు పట్టుకుని ఉన్న నల్లదూడను చూశాడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు.

"ఈ దూడ చచ్చింది! చావడానికే పంపాను! ఇదెక్కడ్నుంచి వచ్చిందిరా? పాలవేళ ముగింపు గంట కొట్టండి!"

"అయ్యా, దూడ నోట పొదుగుండగా కొట్టకూడదు కదండీ..." అన్నాడు భీమప్ప నేతిగిన్నె పట్టుకునే. "అయినా, తమరే చావుకు పంపారా?"

మాంత్రికుడు దూడ వైపు తిరిగాడు. మంత్రదండం ఊపగానే దాని కొసన ఇనుపకొక్కెం మొలిచింది. విసిరాడు. కొక్కెం తోలులో దిగి, గంగులు వేసిన కుట్లన్నీ పట్‌పట్‌మని తెగాయి. బుల్లెమ్మ బెదిరి, పొదుగు వదిలి, ఒక్క ఉరుకున వాకిలి దాటి బయటి కడలిలో పడింది. తోలు మాంత్రికుడి చేతికి చిక్కింది.

ఘటజంఘుడు ఆ తోలు భుజాన వేసుకుని కాలధేనువు కొమ్ము మీదికి ఎగబాకాడు. ఎడమచేత ముగింపు గంట తాడు పట్టుకున్నాడు. లాగితే మూడో పాలగంట గడువు అయిపోను. కాని గెలిచేవాడికి నాలుగు మాటలు అనకపోతే నిద్రపట్టదు కదా!

"చూడవే మొద్దు గొడ్డా! ఇదిగో నీ దూడ తోలు! నీ దూడ ఎప్పుడో చచ్చింది. అదుగో, ఆ ఎర్రది, నీ కడుపున పుట్టింది కాదు. శత్రువుల దూడ! నిన్ను మోసం చేసి పాలు తాగింది. తొక్కి చంపు!"

"పరుగెత్తవే బుల్లెమ్మా!" అని గంగులు పగ్గం లాగాడు. కడుపునిండా పాలున్నాయి, పరుగెడితే ఎవరికీ దొరకదు. కాని బుల్లెమ్మ కదలలేదు. పైగా వెనక్కు తిరిగింది. కొండంత నల్లనౌక ఎదుట, తోలూ ముసుగూ లేకుండా, ఎర్రగా ఇంతే ఉండి, మూతినిండా పాలనురుగుతో నిలబడింది.

"అంబా..." అంది సన్నగా.

కాలధేనువు మాంత్రికుడి భుజం మీది తోలును వాసన చూసింది. ఈసారి దానికి అంతా తెలిసింది. పదివేల గవాక్షాలూ ఒక్కసారి మసకబారాయి. గంగులు తనది దొంగపని అని, దూడను పోగొట్టుకున్న ఈ తల్లిని మళ్లీ ఏడిపించానని సిగ్గుపడ్డాడు. కిటికీలోంచి చేతులు జోడించి, "తప్పయింది తల్లీ! నన్ను తొక్కు. దీన్నేమీ అనకు. ఆకలికి తాగింది," అన్నాడు.

నీలమణి వెలుగు బుల్లెమ్మ మీద పడింది. ఎర్ర వెన్ను, వంకర తోక, పాల మూతి, అన్నీ నిదానంగా చూసింది. కాలధేనువు కాలెత్తింది. పేరిందేవి చెంబు మీదికి వంగి కళ్లు మూసుకుంది.

కాలు పక్కకు పడింది. పొదుగుకు దారి ఇచ్చేటప్పుడు తల్లి ఎలా పక్కకు కాలేస్తుందో, అలా పడింది. చేపు వచ్చి పాలు ఆగలేదు. ఇంత దూరానికీ ధారలై చిమ్మి బుల్లెమ్మను ముక్కు నుంచి తోక దాకా తడిపేశాయి. కిటికీల్లోంచి లోపలికి కొట్టాయి. గంగులు తడిశాడు, పేరిందేవి తడిసింది, ఒళ్లోని చెంబు తడిసింది.

"కాదని తెలిసే ఇచ్చిందిరా!" అని అరిచింది పేరిందేవి. "వాడే నోరారా చెప్పాడు, విని మరీ ఇచ్చింది!"

ఆ అరుపు విన్నాక గాని ఘటజంఘుడికి తానేం చేశాడో తెలిసిరాలేదు. గంట తాడు పట్టి లాగాడు. ఠంగుమంది. అప్పటికే చెంబు మూతి అంచు చెవులయింది, మెడ మెడయింది, అడుగు రెండు కాళ్లయింది. పేరిందేవి ఒళ్లో పాతికేళ్ల యువరాజు మణికేతుడు, పసిపిల్లాడిలా ముడుచుకుని, ఒళ్లంతా మజ్జిగ వాసనతో ప్రత్యక్షమయ్యాడు. గొంతు సవరించుకున్నాడు. లోకమంతా ఆ మొదటి మాట కోసం ఎదురుచూస్తున్నట్లు కాసేపు ఆగాడు.

"బల్లి సంగతి మూడు వందల చెంబుల ముందు చెప్పాలా అవ్వా?"

పేరిందేవి ఏడుస్తూ నవ్వుతూ వాడి వీపు మీద ఒక్కటి చరిచింది. గంగులు పగ్గం అందుకున్నాడు. బుల్లెమ్మ ఈసారి చెప్పకుండానే ఇంటిదారి పట్టింది.

సగం దూరం పోయాక వెనక ఏదో ఘంటల మోత వినిపించి గంగులు తిరిగి చూశాడు. కాలధేనువు! లంగరు గొలుసులు తెంపుకుని, వేయి ఘంటలూ మోగించుకుంటూ, బుల్లెమ్మ వెంట పరుగెత్తుకొస్తోంది. దాని కొమ్మును రెండు చేతులా కౌగిలించుకుని ఘటజంఘుడు, "ఆగవే! వెనక్కి తిరుగవే!" అని గొంతు చించుకుంటున్నాడు. పొదుగువాకిలిలో భీమప్పా, కావలివాళ్లూ నిలబడి బుల్లెమ్మ వైపు చేతులూపుతున్నారు. మాంత్రికుడి మాట వింటున్న ప్రాణి ఆ నౌకలో ఒక్కటీ లేదు.

"దీన్నెందుకురా వెంట తెస్తున్నావు?" అన్నాడు యువరాజు కంగారుగా.

"నేను తేవడం లేదు ప్రభూ, అదే వస్తోంది. తల్లిని పొమ్మని ఎలా అనను?"

మబ్బుపాయ విడిపోయి, ఎదుట మణిచ్ఛత్ర కోట తళుక్కుమంది. బురుజుల మీద పన్నెండు ఫిరంగులు. నల్లనౌక కంటపడితే అడగకుండా పేల్చమని ఫిరంగివాళ్లకు ఏడాదిగా ఆజ్ఞ. అడిగేవాళ్లెవరూ లేరు, మంత్రులంతా చెంబు కిరీటం చర్చలో ఉన్నారు. ఒక్కొక్క ఫిరంగి మూతీ పైకి లేచి, బుల్లెమ్మ వెనకున్న కొండంత నౌక వైపు తిరిగింది. బురుజు మీద వత్తి నిప్పు మినుకుమంది.

"గంగులూ," అంది పేరిందేవి, ఫిరంగుల వైపు వేలు చూపి. "అది మన గొడ్డేనని మనవాళ్లకు ఎవరు చెబుతార్రా?"

గంగులు తలపాగా చుట్టి ముడి బిగించుకున్నాడు. పగ్గం ఒక్క లాగు లాగి, అరచేతిలో పట్టేంత తన ఎర్రదూడను, కొండంత కాలధేనువుకూ పన్నెండు ఫిరంగులకూ నట్టనడుమ అడ్డం నిలిపాడు. తమ బుల్లెమ్మ అడ్డం ఉండగా ఫిరంగివాళ్లు నిప్పు పెట్టరని వాడి నమ్మకం.